తలా రెండు పాయింట్లు

డిగ్రీ పాసై ఉద్యోగం రాని మనిషికి ఆ రోజుల్లో మా మందసలో ఒక ప్రత్యేకమైన హోదా ఉండేది. పెళ్ళిలో వడ్డనకి అతనే, ఆసుపత్రికి తోడు అతనే, గ్యాసు బండ మొయ్యడానికి అతనే, చుట్టాల్ని పలాస స్టేషన్లో రైలెక్కించడానికీ అతనే. ఇన్ని పనులు చేస్తున్నా "ఏటి సేత్తన్నావు బాబూ?" అని ఎవరైనా అడిగితే మాత్రం "ఏమీ లేదండి" అనే చెప్పాలి. (ఉద్యోగం ఉన్నవాళ్ళు ఏమీ చెయ్యకపోయినా "ఫలానా చోట చేస్తున్నాను" అని చెప్పుకోవచ్చని నాకు తరవాత తెలిసింది.) ఆ హోదాలో నేను రెండేళ్ళు నిరాటంకంగా కొనసాగాను. ఇవాళ వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ రెండేళ్ళలో నేను ఒళ్ళు వంచి, పట్టుదలగా చేసిన పని ఒక్కటే కనబడుతుంది. అది ఒక కంప్యూటర్ ఆట. అందులోనూ ఓడిపోయాననుకోండి. విచిత్రం ఏమిటంటే, ఓడిపోబట్టే నాకు ఉద్యోగం వచ్చింది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, మా ఇంట్లోవాళ్ళంతా ఎప్పుడో నవ్వేశారు.

ఈ ఆటలో నా జోడీ మా పెద్దమ్మ కొడుకు. టెక్కలిలో ఉంటారు వాళ్ళు. నాకన్నా పది నెలలు పెద్ద కాబట్టి నాకు అన్న. తెలిసినవాళ్ళందరికీ మొండన్న. మేమిద్దరం ఒకే హాస్టల్లో ఉండి చదివాం. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు బోర్డు మీద వేసిన లెక్క తప్పని లేచి చెప్పాడు అన్న. మాస్టారికి ఒళ్ళు మండి బెంచీ ఎక్కించారు. "ఒప్పే అను, కూర్చోనిస్తాను" అని గంటకోసారి అడిగారు. అన్న అనలేదు. సాయంత్రం గంట కొట్టేదాకా అలా నిలబడే ఉన్నాడు. ఆ లెక్క తప్పని నాకూ తెలుసు. నేను హాయిగా అన్న కాళ్ళ పక్కన కూర్చుని, ఆ తప్పు లెక్కనే గుండ్రటి అక్షరాలతో నోట్సులోకి ఎక్కించుకున్నాను. మాస్టారు నా నోట్సు క్లాసంతటికీ చూపించి మెచ్చుకున్నారు. మా ఇద్దరి గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇక మా మావ. మా అమ్మకీ పెద్దమ్మకీ ఒక్కగానొక్క తమ్ముడు. ఉద్దానంలో కొబ్బరితోట, జీడితోట, మందసలో మేడ, ఒకప్పుడు సర్పంచి. నేను చెప్పే నాటికి ఆయనకి పదవి లేదు కానీ, మండలంలో ఎవరికి ఏ పదవి దక్కాలన్నా ఆయన గుమ్మం తొక్కాల్సిందే. ఆయన విద్య అల్లా పంచడం. కమిటీలో ఐదు పదవులుండి పదకొండు మంది పోటీకొస్తే ఇంకొకరైతే తల పట్టుకుంటారు. మావ పట్టుకోడు. ఉపాధ్యక్షుడి పక్కన ఇంకో ఉపాధ్యక్షుణ్ణీ, సహాయ కార్యదర్శి పక్కన సంయుక్త కార్యదర్శినీ, అందరి మీదా ఒక గౌరవ సలహాదారునీ వేసి, పదకొండు మందికీ పన్నెండు పదవులు తయారుచేసేవాడు. (పన్నెండోది, ఆలస్యంగా ఎవరైనా అలిగితే ఇవ్వడానికి.) దాంతో ఎవరికీ కోపం ఉండేది కాదు. ఎవరికీ పనీ ఉండేది కాదు. ఫలానా రోడ్డు ఎందుకు పడలేదని అడగాలంటే ఎవరిని అడగాలో ఊరికి తెలిసేది కాదు.

అలాంటి మావకి జీడి ఫ్యాక్టరీ పెట్టాలని బుద్ధి పుట్టింది. పలాస పక్కన కాశీబుగ్గ దాటాక స్థలం తీసుకుని షెడ్డు లేపాడు. బాయిలరు ఇంకా రాలేదు, పిక్కలు కొట్టే బల్లలు రాలేదు, కానీ ఆఫీసు కంప్యూటరు మాత్రం వచ్చేసింది. (మా వైపు ఏ సంస్థయినా కుర్చీ, బల్లలతోనే మొదలవుతుంది, పని సంగతి తరవాత.) షెడ్డులో పెడితే దుమ్ము పడుతుందని మందస ఇంట్లో హాల్లో పెట్టించి, ఖాళీగా ఉన్నారు కదా అని మేనల్లుళ్ళిద్దర్నీ పిలిచి "దీన్ని సిద్ధం సెయ్యండి" అన్నాడు. మేం మూడు నెలలపాటు సిద్ధం చేశాం. అన్న రోజూ టెక్కలి నుంచి బస్సెక్కి ఆఫీసుకెళ్ళినంత టంచనుగా వచ్చేవాడు. మొదటి వారంలోనే వాడొక ఆట తెచ్చి ఎక్కించాడు. నా అన్నవాళ్ళెవరూ లేని ఒక బాటసారి ఏదో దేశంలోకి వచ్చి పడతాడు. అడవులు, దొంగలు, జంతువులు, చివర ఒక దుర్మార్గపు రాజు. ఆ బాటసారికి ఏ విద్యలు నేర్పాలో, చేతికి ఏ ఆయుధం ఇవ్వాలో మన ఇష్టం. తేలిక స్థాయిలో ఇద్దరం కలిసి రెండు నెలల్లో ఆట ముగించాం. అప్పుడు కష్టం స్థాయి తెరుచుకుంది. అందులో ఒక్కసారి చచ్చిపోతే అంతే సంగతులు, మనిషి, ఆట రెండూ తుడిచిపెట్టుకుపోతాయి. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టుకోవాలి. ఒకసారి ముగించినవాళ్ళు కదా అని మనకి ముప్పై పాయింట్లు ముందే ఇస్తారు. విద్యలు పదిహేను. విలువిద్య, కత్తిసాము, డాలు అడ్డుకోవడం, చప్పుడు లేకుండా నడవడం, తాళాలు తియ్యడం, మందులు కాచడం, గొంతు పెంచి బెదిరించడం, ఇలాగ. ఏ విద్యకి ఎన్ని పాయింట్లు పెట్టాలన్నదే ప్రాణం. అక్కడ తప్పితే ఇక అడవి దాటడం కల్ల.

ఆ పేజీ దగ్గర నేనూ అన్నా దెబ్బలాడుకుంటూ ఉండగా ఒక మధ్యాహ్నం మావ ఏదో మీటింగు రద్దయి పెందలాడే ఇంటికొచ్చాడు. మాకు ఆట మూసే వ్యవధి లేదు. "ఏట్రా ఇది?" అన్నాడు. అన్న "ఆట మావా" అన్నాడు. నేను "మౌసు మీద చెయ్యి తిరగడానికి ప్రాక్టీసు మావా" అన్నాను. మావ ఇద్దరి మాటా వినిపించుకోలేదు. ఆయన చూపు తెర మీద మెరుస్తున్న ముప్పై అంకె మీద పడింది. అదేమిటని అడిగాడు. పంచాల్సిన పాయింట్లని చెప్పాను. పంచాలి అన్న మాట వినగానే ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరికి పంచాలన్నాడు. పదిహేను విద్యల పేర్లూ చదివి వినిపించాను. ఆయన వేళ్ళు మడిచి చూసుకున్నాడు, మా మొహాల వంక జాలిగా చూశాడు.

"పదేను మంది, ముప్పై. దీనికి దెబ్బలాటెందుకురా? తలా రెండు."

"అలగైతే ఆడు అడివిలోనే సచ్చిపోతాడు మావా" అన్నాడు అన్న.

మావ మాటకి ఎదురు చెప్పినవాణ్ణి ఆ హాల్లో నేనెప్పుడూ చూడలేదు. నాకూ తెలుసు, తలా రెండు పెడితే ఆ బాటసారి ఏ విద్యా రానివాడితో సమానమని. రెండు నెలలు ఆడినవాణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి? నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి "అద్భుతం మావా" అని వచ్చింది. అన్న నా వంక తిరిగి చూశాడు. నేను తెర వంక చూశాను.

అసలు సంగతి ఇక్కడ చెప్పాలి. ఫ్యాక్టరీకి ఒక్క మేనేజరు కావాలి. మేనల్లుళ్ళం ఇద్దరం. మా అమ్మ రోజు విడిచి రోజు ఫోన్ చేసి తమ్ముణ్ణి నా గురించి అడిగేది, పెద్దమ్మ మిగతా రోజుల్లో అన్న గురించి అడిగేది. రెండోవాడి కోసం మావ ఇంకో చోటు చూసిపెట్టాడు. భావనపాడులో ఆయన స్నేహితుడికి ఐసు ఫ్యాక్టరీ ఉంది, అక్కడ మనిషి కావాలి. చేపలు ఆరబెట్టే కళ్ళాల పక్కనే ఆ షెడ్డు. అప్పటికి నాకు ఇస్త్రీ చొక్కాలు నాలుగున్నాయి, పలాసలో ఫ్యాను కింద తిరిగే కుర్చీలో ఆ నాలుగూ వేసుకుని కూర్చున్నట్టు రోజూ ఊహించుకునేవాణ్ణి. ఎండు చేపల మధ్య రబ్బరు బూట్లేసుకుని ఐసు గడ్డలు లాగుతున్నట్టు ఊహించుకుంటే మాత్రం అన్నం సయించేది కాదు. అక్కడికి ఎవరు వెళ్ళాలన్నది తేల్చలేక మావ అవస్థ పడుతున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన చేతిలో ఉన్నది ఒకే పదవి, పంచడానికి వీల్లేనిది.

రెండు రోజుల తరవాత మమ్మల్నిద్దర్నీ పిలిచి తీర్పు చెప్పాడు. ఆదివారం టిఫిన్లయ్యాక ఇద్దరం ఆ కష్టం ఆట చెరొకసారి ఆడాలి. అడవి దాటి అవతల కోట గుమ్మం చేరినవాడు మేనేజరు. చేరనివాడు భావనపాడు. "మనిసి బుద్ధి ఆటలో తెలిసిపోతాది" అన్నాడు. అత్త అప్పుడు గుమ్మంలో కూర్చుని చేటలో కందిపప్పు బాగుచేస్తోంది. మా అత్త జలంత్రకోట పిల్ల, పుట్టిందే జీడితోటలో. తల ఎత్తకుండా "ఓడినోడి అమ్మ వొచ్చి అడిగితే ఆట మీదకి నెట్టీడానికి కాదేటి" అంది. మావ విననట్టు తువ్వాలు దులుపుకున్నాడు.

ఆదివారానికి ఐదు రోజులుంది. ఆ ఐదు రోజులూ మావ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నా బాటసారి బాగోగులు చూడ్డానికి వచ్చి కూర్చునేవాడు. (అన్న తన పాయింట్లు తనే పెట్టుకుంటానని చెప్పేశాడు కాబట్టి ఆ సలహాలన్నీ నా ఒక్కడి మీదే కురిశాయి.) తలా రెండు పెట్టేశాం. తరవాత ఆయుధాల కొట్టు వచ్చింది. కత్తి ఒక్కటి తీసుకుందామన్నాను, చాలా మెల్లిగా, వినబడీ వినబడనట్టు. మావ ఒప్పుకోలేదు. "కత్తి తీసుకుని గొడ్డల్ని ఒగ్గీత్తావేటి? రేపు దాంతో పని పడితే ఏ మొకం ఎట్టుకుని అడుగుతావు?" అన్నాడు. గొడ్డలి తీసుకున్నాం. గొడ్డలి తీసుకున్నాక బల్లెం ఏం పాపం చేసింది? అదీ తీసుకున్నాం. గద, విల్లు, బాకు, సుత్తి, ఎవరి మనసూ నొప్పించకుండా ఏడు ఆయుధాలు తీసుకున్నాం. ఆ ఆటలో బరువు పెరిగేకొద్దీ మనిషి నడక తగ్గిపోతుంది. మా బాటసారి ఆడపడుచు ఇంటికి సారె మోసుకెళ్తున్న ముసలమ్మలా అడుగులో అడుగేసుకుంటూ కొట్టు బయటికొచ్చాడు. "సూడు, దర్జాగా నడుత్తన్నాడు" అన్నాడు మావ. దర్జాగానే ఉందన్నాను.

"అందరికీ పంచీసినాక ఆడికేటి మిగిలింది?" అంది అత్త వెనక నుంచి. నీకు రాజకీయం తెలియదని మావ కొట్టిపారేశాడు. నాకు మాత్రం ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నం మావ నిద్రపోతున్నప్పుడు పాయింట్లు మార్చేద్దామని కూర్చున్నాను కూడా. కత్తికి పన్నెండు, డాలుకి పన్నెండు పెట్టి చూసుకున్నాను. ఎంత బాగుందో. మార్చినట్టు మావకి తెలిస్తే ఏమంటాడో అని ఓ పావుగంట ఆలోచించి, మళ్ళీ తలా రెండూ పెట్టేసి లేచాను. గెలిచే మనిషిని తయారుచేసుకోవడం కన్నా మావకి నచ్చే మనిషిని తయారుచేసుకోవడమే నాకు క్షేమంగా తోచింది.

అన్న ఆ ఐదు రోజులూ ఎవరి సలహా అడగలేదు. ముప్పై పాయింట్లలో పదిహేను విలువిద్యకి, పదిహేను చప్పుడు లేకుండా నడవడానికి పెట్టాడు. మిగతా పదమూడు విద్యలకీ సున్నా. కొట్లో కత్తి కూడా తీసుకోకుండా విల్లొకటీ, మిగతా డబ్బుకి బాణాలూ కొన్నాడు. మావకి అది చూసి గుండె ఆగినంత పనయింది. పదమూడు మందిని అంత నిర్దాక్షిణ్యంగా వదిలేసినవాణ్ణి ఆయన తన రాజకీయ జీవితంలో చూడలేదు. కనీసం బెదిరించే విద్యకైనా రెండు పెట్టమన్నాడు. అడవి మొదట్లోనే ఎలుగుబంటి ఉందని నేను చెప్పి ఉన్నాను కాబట్టి ఆయనకి హుషారొచ్చింది. ఉద్దానంలో పుట్టినవాడికి ఎలుగు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. జీడితోటకి వెళ్ళేటప్పుడు నలుగురూ గట్టిగా మాట్లాడుకుంటూ, రేకు డబ్బా మోగించుకుంటూ వెళతారు. అలికిడి విని అది తప్పుకు పోతుంది. "ఎలుగు అవుపిస్తే నిలబడి గట్టిగా అరవాల. అదే పోద్ది" అన్నాడు మావ. అన్న ఓపిగ్గా, ఈ ఎలుగు మన ఎలుగు కాదనీ, ఈ ఆటలో చప్పుడైతే దగ్గరికొస్తుందనీ చెప్పాడు. మావ నా వంక చూశాడు. తేలిక స్థాయిలో ఆ ఎలుగు చప్పుడుకి ఎలా పరిగెత్తుకొచ్చేదో నేను పదిసార్లు చూశాను. "మీరు చెప్పినట్టే చేస్తాను మావా" అన్నాను.

ఆదివారం వచ్చింది. అత్త ఉప్మా పెట్టింది. చిన్నవాడివి నువ్వే ముందు ఆడమన్నాడు మావ. నా బాటసారి ఏడు ఆయుధాలు మోసుకుంటూ అడవిలోకి నడిచాడు. నడిచాడు అంటే మీరు నడకనుకునేరు, మధ్యలో అత్త వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది, అప్పటికీ అతను మొదటి చెట్టు దగ్గరే ఉన్నాడు. పొదల్లోంచి ఎలుగుబంటి తల బయటపెట్టింది. దానికి మేం కనబడలేదు, పక్కనుంచి మెల్లిగా తప్పుకుంటే అయిపోయేది. మావ కుర్చీలోంచి లేచిపోయాడు. "అరవరా అల్లుడూ" అంటూ, నేను ఎక్కడ మర్చిపోతానో అని తనూ హాలు దద్దరిల్లేలా అరిచాడు. నేను మీట నొక్కాను. నా బాటసారి రెండు పాయింట్ల గొంతుతో అరిచాడు. పిల్లి తోక తొక్కినట్టు వచ్చిందా శబ్దం. ఎలుగు ఇటు తిరిగింది. వెనక పొదలోంచి ఇంకో ఎలుగు వచ్చింది. ఇంకా అరవమన్నాడు మావ. ఇంకా అరిచాను. మూడోది వచ్చింది. కత్తి తీద్దామని చూస్తే ఏడు ఆయుధాల్లో కత్తి ఎక్కడుందో దొరకలేదు. సుత్తి వచ్చింది. దాన్ని పెట్టేసి మళ్ళీ వెతికితే విల్లు వచ్చింది. విల్లు ఎక్కుపెట్టేలోగా తెర నల్లబడింది. ఇతని కథ ముగిసిందని అక్షరాలు పడ్డాయి. నా మనిషి, నా ముప్పై పాయింట్లు, పలాస కుర్చీ, అన్నీ కలిపి నాలుగు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోయాయి.

మావ మెల్లిగా కూర్చున్నాడు. "మన ఎలుగైతే ఎలిపోయీది" అన్నాడు. ఆ ఆట తయారుచేసినవాళ్ళకి ఎలుగుబంట్ల గురించి ఏమీ తెలియదని తేల్చాడు.

తరవాత అన్న కూర్చున్నాడు. వాడి బాటసారి గడ్డిలోకి దిగి పడుకున్నాడు. కదలడు. ఎలుగు వాసన చూసుకుంటూ దగ్గరికొచ్చింది, పక్కనుంచి వెళ్ళిపోయింది. అప్పుడు రెండడుగులు పాకాడు. మళ్ళీ పడుకున్నాడు. పది నిమిషాలకి ఒక బాణం. చప్పుడు లేదు. దొంగల గుడారం చుట్టూ పాకుతూ వెళ్ళాడు, వాళ్ళకి ఇతనొకడు ఆ దారిన పోయాడని కూడా తెలియలేదు. నేను పోటీ మర్చిపోయి అన్న భుజం మీదుగా వంగి ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అంత అందంగా ఎవరూ ఆడగా నేను చూడలేదు. మావ మొదటి పావుగంట చూశాడు. తరవాత "ఏటీ అవ్వట్లేదేటిరా" అన్నాడు. తరవాత ఉప్మా ప్రభావమో ఏమో తల వాల్చి గురక పెట్టాడు. దాదాపు గంటకి అన్న కోట గుమ్మం చేరాడు. ఒంటి మీద ఒక్క గీత లేదు. "అయిపోయింది మావా" అని లేపాడు.

మావ కళ్ళు నులుముకుని కోట వంక చూశాడు. "ఎప్పుడెల్లావురా? నాకు అవుపించకుండా ఎల్లిపోనావేటి?" అన్నాడు. అన్న ఏం చెబుతాడు? ఎవరికీ కనబడకుండా వెళ్ళడమే కదా ఆ విద్య. మావ చాలాసేపు మీసం సవరించుకున్నాడు. నేను అప్పటికే మనసులో రబ్బరు బూట్లు తొడుక్కుని ఉన్నాను. అప్పుడు ఆయన గొంతు సవరించుకుని, పెద్ద సభలో చెప్పినట్టు చెప్పాడు.

"పెద్దోడు గెలిసాడు, కాదన్ను. కానీ ఎలగ గెలిసాడో ఎవులికి తెలుసు? సిన్నోడు సచ్చాడు, అందరికీ తెలిసేటట్టు సచ్చాడు. నా మాట మీద సచ్చాడు. నాకు అలాటోడే కావాల."

అత్త బాగుచేస్తున్న పప్పు చేట కింద పెట్టేసింది. అన్న కంప్యూటరు ఆపి, మౌసు సరిగ్గా దాని చోట పెట్టాడు. అప్పుడు నేను ఒక్క మాట అనాలి. "కాదు మావా, అన్నే గెలిచాడు" అనాలి. నాలుగు మాటలు. నాలిక చివరిదాకా వచ్చాయి కూడా. నేను చొక్కా మడత సరిచేసుకుని "మీ ఇష్టం మావా" అన్నాను.

మర్నాడు పొద్దున్న అన్నని బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. టెక్కలిలో దిగి సామాను తీసుకుని అట్నుంచి భావనపాడు వెళ్ళిపోతాడు. బస్టాండులో వాడు "తలా రెండూ పనిసెయ్యదని నీకు తెలుసు కదరా" అన్నాడు. తెలుసన్నాను. ఎలుగు సంగతి కూడా తెలుసు కదా అన్నాడు. తెలుసన్నాను. "మరెందుకన్నావు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బస్సు కోసం చూస్తున్నట్టు రోడ్డు వైపు తిరిగాను. బస్సు వచ్చింది. వాడు కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపాడు. నేను జీడి ఫ్యాక్టరీ మేనేజర్నై ఇంటికి నడిచాను.

ఉద్యోగ ధర్మంగా బాయిలరు వెలిగించిన మొదటి రోజు గురించి కూడా చెప్పాలి. జీడిపిక్కల్ని ఆవిరి పట్టే ముందు జల్లెడ పట్టి చిన్నవీ పెద్దవీ వేరు చేస్తారు. చిన్నవాటికి తక్కువ ఆవిరి, పెద్దవాటికి ఎక్కువ. పలాసలో ఏ ఇంటి అరుగు మీద అడిగినా ఈ సంగతి చెబుతారు. అత్త జల్లెళ్ళు కూడా తెప్పించి పెట్టింది. మావ వచ్చి జల్లెళ్ళ వంక చూసి మొహం చిట్లించాడు. "పెద్దా సిన్నా అని తేడా సూపిత్తే ఎలగ? అన్నిటికీ ఒకటే ఆవిరి" అన్నాడు. ఇస్త్రీ చొక్కాతో పక్కన నిలబడ్డ మేనేజరు ఏమన్నాడో మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి చిన్న పిక్కల్లో పప్పు మాడి రంగు తిరిగింది. పెద్దవి పచ్చిగా ఉండి పెంకు వదల్లేదు, వదిలించబోతే పప్పు విరిగింది. పిక్కలు కొట్టే అమ్మలు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు. విరగని గుండు పప్పు బుట్ట అడుగు కూడా నిండలేదు, ముక్కలు మాత్రం బుట్టలు బుట్టలు. పాయసంలో వేసేది ముక్కలే కదా అన్నాడు మావ. అత్త మాత్రం నన్ను పక్కకి పిలిచి, "ఆ అడివిలో సచ్చినోడు ఇక్కడికొచ్చి ఉద్యోగంలో సేరినాడేటి?" అంది. మర్నాటి నుంచి జల్లెళ్ళు ఆవిడే చూసుకుంది. ఫ్యాక్టరీ బతికింది. నేనూ ఆవిడ చాటున బతికాను.

అలా ఆరేళ్ళు గడిచాయి. పని నేర్చుకోలేదని చెప్పను, అత్త దగ్గర చేరి పప్పు రంగు చూసి ఆవిరి ఎంత పట్టారో చెప్పేదాకా వచ్చాను. అద్భుతం అనడం మాత్రం మానలేదు. మొన్న వేసవిలో మావ రెండో ఫ్యాక్టరీ తలపెట్టాడు. సోంపేట వైపు నుంచి ఒకరు, టెక్కలి నుంచి ఒకరు, అత్త పుట్టింటివైపు నుంచి ఒకరు, ఇలా చుట్టాల్లో ఐదుగురు మేనేజరీ అడుగుతున్నారట. ఐదుగుర్నీ వేసేద్దాం, వారానికొకడు చూసుకుంటాడు, ఐదోవాడు గౌరవ మేనేజరు అన్నాడు. చెప్పి, అలవాటు ప్రకారం నా వంక చూశాడు, నా మాట కోసం. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను. ముప్పై యేళ్ళొచ్చాయి, పెళ్ళయింది, కాళ్ళెందుకు వణుకుతున్నాయో తెలియలేదు.

"కాదు మావా. ఒకడే సాలు. పని తెలిసినోడు. అన్నని పిలుద్దాం. అసలు ఆ ఉద్యోగం ఆడిదే."

మావ కోప్పడతాడనుకున్నాను. కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు కూడా ఆడిలాగే తయారైపోనావేటి?" అన్నాడు. నా సర్వీసులో నాకు దక్కిన ప్రశంస అదొక్కటే. మావ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, సరే అడిగి చూడమన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని తెలిసి ఉంటే ఆరేళ్ళు ఎందుకు ఆగానా అనిపించింది.

ఆ సాయంత్రమే భావనపాడు ఫోన్ చేశాను. అన్న ఇప్పుడు ఆ ఐసు ఫ్యాక్టరీకి అంతా తానే. జరిగింది చెప్పాను. అవతల ఐసు గడ్డలు విరుగుతున్న చప్పుడు వినబడుతోంది. "మావ మొకం మీదే అన్నావేటి? కాదనే?" అన్నాడు. అన్నానన్నాను. పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి, తరవాత మామూలు గొంతుతో చెప్పాడు.

"నాను రాన్రా. ఇక్కడ అలవాటైపోనాది. నన్నడక్కుండా మిసను మీద ఎవులూ సెయ్యెయ్యరు. ఆ ఆదివారం అనుంటే వొచ్చీవోణ్ణి."

అందులో నిష్ఠూరమేమీ లేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. క్షమించమని అడుగుదామనుకుంటే, పడవలొచ్చే వేళయింది, ఐసు ఎక్కించాలి, రేపు మాట్లాడదామని పెట్టేశాడు. నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. మందస హాల్లో చొక్కా మడత సరిచేసుకుంటున్న ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి మీద కోపం రాలేదు, జాలేసింది, కొంచెం నవ్వు కూడా వచ్చింది. రెండో ఫ్యాక్టరీకి మేనేజరు ఇంకా దొరకలేదు. అది కూడా నన్నే చూసుకోమంటున్నాడు మావ. రెండు నా వల్ల కాదు మావా అని నిన్ననే చెప్పాను. ఈసారి కాళ్ళు కొంచెం తక్కువ వణికాయి.